వార్ధక్యమున స్మృతిభ్రంశము



నేడు నేను మీతో ముచ్చటింపదలచినది ఒక వ్యాధిని గూర్చి. నేను వైద్యుడను కాను. చిరకాలము బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు మీవలెనే ఊరి అరుగుమీద కూర్చుండి నలుగురి మంచిచెడ్డలు వినువాడను. అట్లు కూర్చున్నప్పుడు నేను చేసిన యొక తప్పే నాకీ విషయమును నేర్పినది. కావున ముందుగా ఆ తప్పును చెప్పుకొందును.

మా గ్రామము దివిసీమలో నున్నది. అక్కడ ఊరివరుసకు నాకు పిన్నమ్మ యగు నొక పెద్దావిడ యుండెను. డెబ్బది యేండ్లు దాటిన మనిషి. భర్త పోయిన పిమ్మట పదునైదేండ్లు సేద్యమంతయు ఆమెయే నడపెను. కౌలు లెక్కలు, కూలి లెక్కలు కాగితము చూడకుండ నోటితో చెప్పగలిగెడిది. ఒక సంక్రాంతి వెళ్లిన వారమున ఆమె నానుతాడు కనబడలేదు. కోడలే దానిని తీసి పుట్టింటికి చేర్చినదని ఆమె వీధిలో నిలిచి కేకలు వేసెను. కొడుకు దిక్కుతోచక మమ్ము పిలిచెను. నలుగురము పెద్దమనుషులము కూర్చుంటిమి. ఆ కోడలు నా వంక చూచి, “బావగారూ, నేను తీయలేదండీ. అత్తగారు రాత్రి అన్నము తిన్న సంగతి కూడ తెల్లవారేసరికి మరచిపోవుచున్నారు. ఈ మాట నేనెవరితో చెప్పినను వినువారు లేరు” అని యేడ్చెను. మేమును వినలేదు. అంతటి బుద్ధిమంతురాలు ఊరక నింద మోపునా యని తలచి కోడలినే మందలించితిమి. మాటమీద మాట పెరిగి, ఆ అమ్మాయి పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి వెళ్లిపోయెను.

మామిడికాయల దినములు వచ్చినవి. ఆవకాయ పెట్టుటకై వంటింటి మూలనున్న జాడీలను బయటకు తీసిరి. అందొక జాడీ అడుగున, పాతచీర పేలికలో చుట్టిన నానుతాడు కనబడెను. దానితోపాటు రెండు తాళపుచెవులు, ఎండిపోయిన అన్నపుముద్ద యొకటి యుండెను. ఆమెయే దాచినది, దాచిన సంగతిని మరచినది. ఆ యింట దొంగతనము జరుగలేదు, జబ్బు ప్రవేశించినది. ఆ జబ్బును మొట్టమొదట కనిపెట్టిన మనిషినే మేము దోషిగా నిలువబెట్టితిమి.

ఈ జబ్బును ఇంగ్లీషు వైద్యులు డిమెన్షియా యందురు. మన భాషలో స్మృతిభ్రంశ మనవచ్చును. మన యూళ్లలో మాత్రము దీనిని చాదస్తమందురు, మతి చలించినదందురు, గాలి సోకినదందురు. ఎక్కువమంది “వయసు మీరినది గదా, అంతే” యని ఊరకుందురు. ఈ కడపటి మాటయే అన్నిటికంటె హాని చేయుచున్నది. వయస్సు వచ్చిన ప్రతివానికిని ఈ జబ్బు రాదు. తొంబది యేండ్లు నిండియు పొలము సరిహద్దులు తడుముకొనకుండ చెప్పు వృద్ధులు మీ యూళ్లలోనే యున్నారు.

వయస్సు వలని మరపునకును, జబ్బు వలని మరపునకును భేదమున్నది. పండుగకు వచ్చిన దూరపు చుట్టము పేరు కొంతసేపు తట్టక, తరువాత తట్టుట వయస్సు. ఆ చుట్టము వచ్చి భోజనము చేసి వెళ్లిన సంగతియే తట్టకుండుట జబ్బు. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో యని వెదకుట వయస్సు. తాళపుచెవిని చేతబట్టుకొని ఇది యెందులకని చూచుట జబ్బు. చెప్పిన మాటనే గడియకొకసారి క్రొత్తగా చెప్పుట, పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పుట, ఎన్నడును తప్పని లెక్క తప్పుట, వంటలో ఉప్పు రెండుసార్లు వేయుట, శాంతమూర్తి కోపిష్ఠి యగుట, అకారణముగ ఇంటివారిని అనుమానించుట, ఇవి దాని జాడలు. ఇవి మెల్లమెల్లగా నెలల తరబడి హెచ్చుచుండును.

అనుమానమను మాట మీరు గుర్తుంచుకొనవలెను. ఈ వ్యాధిని మొదట వివరించినవాడు ఆలోయిస్ ఆల్జీమరు అను జర్మనీ దేశపు వైద్యుడు. 1901లో ఫ్రాంకుఫర్టు నగరపు ఆసుపత్రికి 51 సంవత్సరముల స్త్రీనొకతెను తీసికొనివచ్చిరి. ఆమె యందు ఇంటివారు మొదట గమనించిన మార్పు మరపు కాదు. భర్తపై అకారణమైన అనుమానము. పిమ్మట జ్ఞాపకము చెడెను, వస్తువులను ఇంటిలో అక్కడక్కడ దాచుట మొదలుపెట్టెను. ఆమె 1906లో మరణింపగా ఆల్జీమరు ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, తాను చూచినదానిని ఆ సంవత్సరమే నవంబరులో ట్యూబింగెను నగరమున వైద్యుల సభలో చెప్పెను. 1910లో క్రేపెలిన్ అను ఆచార్యుడు ఆ వ్యాధికి ఆల్జీమరు పేరే పెట్టెను. మా పిన్నమ్మ కథయు, వంద సంవత్సరములకు పూర్వపు ఆ జర్మనీ స్త్రీ కథయు ఎంత దగ్గరగా నున్నవో చూడుడు. కోడలు చెడ్డదగుటచే వచ్చిన అనుమానము కాదిది. మెదడు చెడుటచే వచ్చినది.

మెదడులో ఏమి జరుగునో మన డెల్టావాసులకు కాల్వల పోలికతో చెప్పిన సులభముగా తెలియును. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన నాటినుండియు, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన పిమ్మటను, మన పైరులన్నియు తలతూములగుండ వచ్చు నీటిమీదనే బ్రతుకుచున్నవి. వేసవిలో కాల్వలు కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకొందుము. తూముకడ మేటవేసి, గుర్రపుడెక్క అల్లుకొన్నదనుకొనుడు. క్రొత్తనీరు లోనికి రాదు. కాని నిరుడు నిండిన చెరువులో నీరుండును. మెదడులో లోతున, ఇరుప్రక్కల, జ్ఞాపకమునకు తలతూమువంటి చిన్న భాగమొకటి కలదు. ఆల్జీమరు వ్యాధి సామాన్యముగా దానినే మొదట పట్టును. కణముల వెలుపల అమైలాయిడ్ అను పదార్థము మేటవేయును. కణముల లోపల టౌ అను పదార్థము చిక్కుపడిన దారమువలె ముడిపడును. కణములు ఎండిపోవును. అందువలన ఈ ఉదయము జరిగినది లోనికి చేరదు. యాబది యేండ్ల నాటి పెండ్లి ముచ్చట మాత్రము చెరువులో నీటివలె నిలిచియుండును. దానిని చూచి ఇంటివారు, “పాత సంగతులన్నీ చెప్పుచున్నది, జబ్బెక్కడిది, వేషములు గాని” యందురు. ఇది వేషము కాదు. కొన్ని యేండ్లకు చెరువును ఎండును. ఈ మేటవేయుట మొదటి జాడ బయటపడుటకు పదునైదు ఇరువది యేండ్లకు ముందే ప్రారంభమగునని నేటి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి.

స్మృతిభ్రంశమంతయు ఆల్జీమరు వ్యాధియే కాదు. రక్తపుపోటు, మధుమేహము మొదలగువానివలన మెదడులోని రక్తనాళములు మూసికొనిపోయి వచ్చునది రెండవ రకము. ఇది మన దేశమున తక్కువేమియు కాదు. హైదరాబాదునందలి నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో మరపు రోగులకై నడపిన ప్రత్యేక వైద్యశాలకు వచ్చినవారిని పరీక్షించి 2011లో ప్రకటించిన లెక్కలో, సుమారు నలుగురిలో ఒకరికి ఈ రకమే కనబడెను. ఈ రెండును కలిసి వచ్చుటయు కలదు. నడతను, మాటను ముందుగా చెరచునది, లేని మనుష్యులు కన్నులయెదుట ఉన్నట్లు తోపించునది మొదలగు మరికొన్ని రకములును కలవు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. చూచుటకు స్మృతిభ్రంశమువలె నుండి, మందుతో కుదురునవి కొన్ని యున్నవి. థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి-12 విటమిను లోపించినను, మనోవ్యాకులత తీవ్రమైనను మరపు కలుగును. తలకు దెబ్బతగిలిన కొన్ని వారములకు లోపల రక్తము చేరి మెదడును నొక్కుటవలనను కలుగును. కొందరికి తెలిసి తెలియక వేసికొను నిద్రమాత్రలే కారణమగును. వినికిడి తగ్గినవాడు సమాధానము చెప్పకపోగా మతిపోయినదని ఇంటివారు భ్రమపడుటయు కలదు. మరియు, నిన్నటివరకు బాగుగానుండి, ఒకటి రెండు దినములలో హఠాత్తుగా మాట తడబడి, మనుష్యులను గుర్తింపని వృద్ధుడున్నయెడల అది చాదస్తము కాదు. జ్వరము, మూత్రపు తాపము, వడదెబ్బ, రక్తములో ఉప్పు తగ్గుట, పక్షవాతము, ఏదో యొకటి యైయుండును. ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. “వయసు మీరినది గదా” యని ఊరకున్నవారు కుదురదగిన జబ్బును కూడ కుదురనీయరు.

ఇక ఈ వ్యాధిని వైద్యులెట్లు నిర్ణయింతురు? ప్రధానముగా ప్రశ్నలవలన. ఇక్కడ మనబోటివారికొక చిక్కు కలదు. పాశ్చాత్యదేశములలో ఏర్పడిన పరీక్షలో వాక్యము వ్రాయమందురు, చదువుమందురు, బొమ్మ గీయమందురు, నూటినుండి ఏడేసి తీసివేయమందురు. పలక పట్టని రైతునకు ఈ పరీక్ష పెట్టిన, అతడు ఎంత తెలివిగలవాడైనను తప్పును. చదువు లేకుండుటను మతి లేకుండుటగా లెక్కించినట్లగును. ఈ దోషమును తొలగింపగోరి హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో అమెరికా, భారతదేశముల పరిశోధకులు కలిసి పనిచేసి, చదువురానివారికి సరిపడు హిందీ పరీక్షను 1995లో ప్రకటించిరి. వాక్యము వ్రాయుటకు మారుగా నోటితో చెప్పించిరి. చదివి చేయవలసిన పనికి మారుగా, పరీక్షించువాడు చేసినట్లు చేసి చూపుమనిరి. తరువాత భారత వైద్య పరిశోధన మండలివారు హిందీ, వంగ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో ఒకే తీరుగ నుండు పరీక్షల సంపుటమును సిద్ధపరచి, దాని ఫలితములను 2020లో ప్రకటించిరి. కావున ఇప్పుడు తెలుగువానిని తెలుగులోనే పరీక్షించు సాధనమున్నది.

ప్రశ్నలు రోగికి మాత్రమే కావు. కలిసి కాపురము చేయువారిని అడుగుట అంతకంటె ముఖ్యము. మేము పిన్నమ్మను విజయవాడకు తీసికొనిపోయినపుడు, వైద్యుడు మా పెద్దమనుషుల నెవ్వరిని అడుగలేదు. కొడుకును కొంచెము అడిగెను. అప్పటికి పుట్టింటినుండి తిరిగివచ్చిన కోడలిని అరగంటసేపు అడిగెను. నిరుడు చేయగలిగి నేడు చేయలేని పనులేవి? చిల్లర సరిగా లెక్కించునా? చీర సరిగా కట్టుకొనునా? బజారునుండి ఒంటరిగా ఇల్లు చేరునా? ఆమెకు అన్నియు నెలలతో సహా తెలియును. నేను తల వంచుకొని వినుచుంటిని. పిమ్మట రక్తపరీక్ష చేసిరి. మెదడు చిత్రము తీసిరి. బి-12 కొంత తగ్గియుండెను, రక్తపుపోటు హెచ్చుగా నుండెను, వానికి మందులిచ్చిరి. కాని మూలవ్యాధి ఆల్జీమరుదే యని తేల్చిరి. సూదితో తీసిన కొద్దిపాటి రక్తమునుండియే ఈ వ్యాధి జాడను పట్టు పరీక్ష యొకటి 2025లో అమెరికాలో అనుమతి పొందినది. అది మన మండల కేంద్రములకు చేరువరకు, ఇంటి ఇల్లాలి మాటయే మనకున్న మేలైన పరీక్ష.

మన దేశమున ఇట్టివారెందరు? 2017 మొదలు 2020 వరకు పెక్కు రాష్ట్రములలో నాలుగువేలమందికి పైగా వృద్ధులను ఇంటింట పరీక్షించి వేసిన అంచనాను 2023లో ప్రకటించిరి. 60 సంవత్సరములు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దేశమున సుమారు 88 లక్షలమందికి, ఈ వ్యాధి యున్నదని తేలినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను, చదివినవారికంటె చదువులేనివారిలోను ఇది యెక్కువ. వేయిమంది వృద్ధులున్న గ్రామముల గుంపులో డెబ్బదిమందికి పైగా ఇట్టివారుందురన్నమాట. వారెక్కడ? లోపలి గదులలో, వెనుక పంచలలో, “మావాడికి బాగుండలేదు” అను మాట వెనుక నున్నారు.

తెలుగుగడ్డమీద జరిగిన యొక పరిశోధనను ఇక్కడ చెప్పవలెను; అది ప్రపంచమంతట చర్చకు వచ్చినది. నేను చెప్పిన నిజాం సంస్థ వైద్యశాలలోనే, డాక్టరు సువర్ణ అల్లాడి గారు, ఎడింబరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్ గారు మొదలగువారు 648 మంది రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. ఇంట ఉర్దూ, బజారున తెలుగు, కొలువులో హిందీయో ఇంగ్లీషో మాటలాడుట హైదరాబాదులో సహజమే గదా. ఒకే భాష యెరిగినవారికంటె ఈ పలుభాషలవారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా బయటపడినట్లు వారు కనుగొనిరి. చదువురానివారిలో సయితము ఈ భేదము కనబడుట దీని విశేషము. అనగా మేలు చేసినది బడి చదువొక్కటియే కాదు. మెదడును నిత్యము ఒక బాటనుండి మరియొక బాటకు మరలించు అభ్యాసము. రెండవభాష వ్యాధిని రాకుండ ఆపదు, వాయిదా వేయును. డెబ్బదియవ యేట వచ్చునది నాలుగేండ్లు వెనుకబడుట చిన్న లాభము కాదు.

ఇక చికిత్స. ఉన్నదున్నట్లు చెప్పవలెను: ఆల్జీమరు వ్యాధిని నిర్మూలించు మందు నేటికిని లేదు. మెదడులో వార్తలు చేరవేయు రసమును నిలుపుటకు తోడ్పడు డోనెపెజిల్ అను మాత్ర 1996లో అమెరికాలో అనుమతి పొందినది. దానివంటివి మరి రెండు మూడు కలవు. అవి మన దేశమున దొరకును. కొందరికి కొంతకాలము తెలివి నిలకడగానుండుటకు తోడ్పడును. అంతకు మించి ఆశింపరాదు. మేటవేసిన అమైలాయిడ్‌ను తొలగించు లెకానెమాబ్ అను క్రొత్త మందును 2023లోను, డోనానెమాబ్ అను దానిని 2024లోను అమెరికాలో అనుమతించిరి. లెకానెమాబ్ పరీక్షలో, పదునెనిమిది నెలలలో క్షీణత నాలుగవవంతు మేరకు నెమ్మదించినది. కాని ఇవి వ్యాధి తొలిదశలోనివారికి మాత్రమే, వెల మిక్కుటము, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావము కలుగును గనుక మాటిమాటికి చిత్రములు తీయవలెను. ఇక లేహ్యములు, తాయెత్తులు, మూడు నెలలలో కుదుర్తుమను ప్రకటనలు వినబడినచో, మీరు పెద్దలు గనుక, డబ్బు పోకుండ ఆ యింటివారిని కాపాడుడు. రోగి రాత్రులు అరచుచున్నాడని నిద్రమందులు తెచ్చి పోయుటయు మంచిది కాదు. వానివలన మత్తెక్కి పడి తుంటి విరుగుట కలదు.

మందు కొంచెమే గనుక సంరక్షణయే ప్రధాన చికిత్స. ఇదియు పరిశోధనతో తేలిన విషయమే. గోవాలో 81 కుటుంబములతో ఒక ప్రయోగము చేసిరి. వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, రోగి యిండ్లకు పంపి, వ్యాధి యెట్టిదో, ఎట్లు మెలగవలెనో ఇంటివారికి చెప్పించిరి. ఆరు నెలలకు ఆ ఇంటివారి మనఃక్లేశము తగ్గెనని 2008లో ప్రకటించిరి. కేరళలోని కొచ్చిలో 1992లో స్థాపితమైన ఆల్జీమర్సు సంఘమువారును ఇట్టి పనియే చేయుచున్నారు. ఇందుకు మేడలు, యంత్రములు అక్కరలేదు. తెలిసినవాడొకడు వచ్చి ఇంటి అరుగుమీద కూర్చుండవలెను.

మా పిన్నమ్మ యింట మేము నేర్చుకొన్నవి కొన్ని చెప్పెదను. మరచినదానిని పట్టుకొని వాదింపరాదు. “ఇప్పుడే గదా తింటివి” యనుటకంటె, “వంట అవుచున్నది, ఈలోగా ఈ అరటిపండు తినుము” అనుట మేలు. పరీక్షింపరాదు, “నేనెవరినో చెప్పుము” అని చుట్టములు నవ్వులాటకు అడుగుట ఆ మనిషికి అవమానము. దినచర్య మారరాదు: అదే వేళకు స్నానము, అదే మంచము, అదే కంచము. చేతికి పని యుండవలెను. చిక్కుడుకాయలు ఈనె తీయుట, వత్తులు చేయుట ఆమె చివరివరకు చేసెను. సాయంకాలపు చీకటి వేళ కలవరము హెచ్చును గనుక ముందుగనే దీపము వేసితిమి. కండ్లజోడు, చెవి యంత్రము అవసరమైనచో పెట్టించవలెను. మన డెల్టాలో మరియొక భయమున్నది: ఇంటి వెనుకనే కాల్వ. దారి తెలియని వృద్ధులు తెల్లవారుజామున లేచి నడచిపోవుదురు. పెరటి తలుపునకు పైభాగమున గడియ పెట్టించితిమి. ఆమె మెడలో తులసిపూసలతోపాటు ఊరి పేరు, కొడుకు ఫోను నంబరు చెక్కిన చిన్న బిళ్ల కట్టితిమి. రేవుకడనున్న చాకలివారికి, బస్సుస్టాండులోని కొట్టువారికి సంగతి చెప్పియుంచితిమి. రెండుసార్లు వారే ఆమెను ఇల్లు చేర్చిరి. జబ్బును దాచిపెట్టిన ఇంటికి ఈ సాయము దొరకదు.

పెద్దలారా! ఇప్పుడు మనకు ప్రత్యేకముగ సంబంధించిన మూడు మాటలు.

మొదటిది వంతుల సంగతి. తల్లిని నెలకొక కొడుకు ఇంట ఉంచవలెనని తీర్పు చెప్పుట మనకు వాడుక. నేనును అట్టి తీర్పులు చెప్పితిని. మతి సరిగానున్న తల్లికి అది కష్టమో సుఖమో గాని, ఈ జబ్బున్న తల్లికి మాత్రము చెరుపు. మరుగుదొడ్డి ఏ వైపున నున్నదో తెలిసికొనుసరికి నెల నిండును. మరల క్రొత్త యిల్లు. ఆమెను ఒక్కచోటనే యుంచి, కొడుకులు, కూతుండ్రు వంతులవారీగా ధనమును, శ్రమను పంచుకొనునట్లు తీర్పు చెప్పుడు. రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండు కోడలికో, భార్యకో వారమునకొక దినమైనను విశ్రాంతి దొరకునట్లు చూడుడు. ఆమె మంచమెక్కినచో రోగులు ఇద్దరగుదురు.

రెండవది వ్రేలిముద్ర. పొలము వ్రాతకోతలకు, బ్యాంకు కాగితములకు ఇట్టివారిని తీసికొనివచ్చి సాక్షి సంతకమునకు మిమ్ము పిలుతురు. తాను చేయుచున్నదేమో గ్రహింపలేని మనస్థితిలో చేసిన ఒప్పందము 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము చెల్లదు. కాగితము చెల్లకపోవుట తరువాతి మాట; సాక్షి సంతకము మన మర్యాదకు సంబంధించినది. జబ్బు తొలిదశలో, తెలివి యున్నపుడే, ఆ మనిషి తన కోరికలను తానే వ్రాసి పెట్టుకొనునట్లు చేయుట న్యాయము. పోషింతుమని మాట యిచ్చి ఆస్తి వ్రాయించుకొని పిదప విడిచిపెట్టిన బిడ్డలున్నచో, పోషణ షరతు కాగితములో నుండెనేని, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ఆ వ్రాతను రద్దుపరచుకొను దారి చూపుచున్నది.

మూడవది రాబోవువారిని గూర్చినది. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘము, పదునాలుగు కారణములను సరిదిద్దుకొన్నచో లోకములోని స్మృతిభ్రంశములో నూటికి 45 వంతుల వరకు ఆపవచ్చును లేదా వాయిదా వేయవచ్చునని చెప్పినది. వానిలో రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, మితిమీరిన మద్యము, కదలక కూర్చుండుట, చెవుడు, చూపు లోపము, తలకు దెబ్బ, ఒంటరితనము, చిన్నప్పటి చదువులేమి మనకు బాగుగ తెలిసినవే. నలుబదియవ యేటనే రక్తపుపోటు చూపించుకొనుటయు, మోటారుసైకిలుపై శిరస్త్రాణము పెట్టుకొనుటయు, ఆడపిల్లను బడి మానిపింపకుండుటయు ఈ జబ్బునకు మందులే. ఊరి అరుగు కూడ మందే; ముసలివారు నలుగురు చేరి మాటలాడుచోటిని మూతపడనీయకుడు.

సలహా కావలసినవారు మొదట ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని చూడవచ్చును. ఆపైన విజయవాడ ప్రభుత్వ వైద్యశాలయు, మంగళగిరిలోని ఎయిమ్సును ఉన్నవి. ప్రభుత్వమువారు 2022లో ప్రారంభించిన టెలీ-మానస్ అను మానసికారోగ్య సహాయమునకు 14416, వయోవృద్ధుల సహాయమునకు 14567 అను నంబరులకు ఫోను చేయవచ్చును.

మా పిన్నమ్మ మరి యారేండ్లు బ్రతికెను. చివరి రెండేండ్లు ఆమె కోడలిని గుర్తింపలేదు. ప్రతి సాయంకాలమును దీపము వేయు వేళ, “ఎవరి పిల్లవమ్మా నీవు?” అని యడిగెడిది. కోడలు విసుగుకొనక తన తండ్రి పేరు, ఊరి పేరు చెప్పెడిది. “మంచి యింటి పిల్లవే” అని పెద్దావిడ సంతోషించెడిది. నేనా యింటికి వెళ్లినప్పుడెల్ల ఆ మాట విన్నాను. సంక్రాంతి వెళ్లిన ఆ దినమున మా నలుగురిలో ఏ యొక్కడైనను ఆ పాటి మాట అనియుండిన బాగుండెడిది. తరువాత నేనామెను క్షమాపణ కోరితిని. ఆమె “పోనీయండి, బావగారూ” అని లోపలికి వెళ్లెను. ఆ నాలుగు నెలలను మాత్రము నేను తిరిగి ఇయ్యలేను.

రేపు మీ అరుగు ముందుకు ఇట్టి తగవు వచ్చును. వృద్ధుడో వృద్ధురాలో ఇంటివారిపై నింద మోపుదురు. తీర్పు చెప్పుటకు ముందు, ఆ యింట వండిపెట్టు మనిషిని ప్రక్కకు పిలిచి, “ఈ మధ్య పెద్దవారియందు మార్పేమైన గమనించితివా, తల్లీ?” అని యడుగుడు. అడిగి, చెప్పినంతసేపు వినుడు.